బాదం చెట్టు కింద సమాధి: తప్పుగా మొదలై వరసలో తేలిన ఒక కేసు

ఈ కేసులో మేం ఒక కుటుంబానికి వేరే మనిషి సమాధి ఫోటో పంపి, ఇదే మీ తాతగారిదని చెప్పాం. ఆ తప్పు దిద్దుకోవడానికి ఏడు నెలలు పట్టింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు పనికొస్తుందని మొత్తం రాస్తున్నాను. ఊరు, పేర్లు, బంధుత్వాల్లో కొన్ని మార్చాను. సమాధి మీది తేదీ కూడా మార్చాను. కాకపోతే వారాల లెక్క అసలు కేసులో ఎలా తేలిందో ఇక్కడా అలాగే తేలేలా చూసుకున్నాను.

నేపథ్యం

మా బృందంలో ఐదుగురం. గోదావరి డెల్టాలో క్రైస్తవుల సమాధుల తోటల్లో తిరిగి ఫోటోలు తీస్తాం, సమాధి మీద ఉన్నది ఉన్నట్టు తెలుగులో రాసుకుంటాం, ఎక్కడో ఉండి తాతముత్తాతల కోసం వెతుక్కునేవాళ్లకు అందిస్తాం. ప్రపంచంలో ఈ పని కొత్తదేమీ కాదు. సమాధుల ఫోటోలు, వివరాలు పెట్టే వెబ్‌సైట్లలో ఫైండ్ ఎ గ్రేవ్ 1995లో మొదలైంది, బిలియన్‌గ్రేవ్స్ 2011లో. మన దేశంలో ఉన్న యూరోపియన్ల సమాధులను పట్టించుకోవడానికి ఇంగ్లండులో బాక్సా అనే సంస్థ 1976లోనే పుట్టింది. బందరులో, భీమిలిలో ఉన్న డచ్చివాళ్ల సమాధులను చూడ్డానికి ఇప్పటికీ దూరాల నుంచి వస్తుంటారు. అదే బందరు పక్క పల్లెలో నలభై ఏళ్లు అ ఆలు దిద్దించిన పంతులుగారి సమాధి కోసం వచ్చేవాళ్లు అరుదు. మేం తిరిగేది అలాంటివాళ్ల కోసం.

డెల్టాలో రాయి పుట్టదు, ఉన్నదంతా ఒండ్రుమట్టే. రాయి బయటి నుంచి రావాలి, దానికి డబ్బుండాలి. అందుకే మేం చూసిన పాత సమాధుల్లో ఎక్కువ భాగం ఇటుక కట్టుబడి, పైన సున్నపు గచ్చు. గచ్చు పచ్చిగా ఉండగానే మేస్త్రీ తాపీ మొనతోనో మేకుతోనో పేరు గీసేవాడు. కాస్త ఉన్నవాళ్లు నాపరాయి పెట్టించారు, బాగా ఉన్నవాళ్లు పాలరాయి. ప్రతి ఈస్టరుకీ సమాధుల పండగ. గడ్డి చెక్కి, సున్నం వేసి, పూలు పెట్టి, తెల్లవారకముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు. చీకట్లో తోటంతా దీపాలతో నిండిపోతే చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ ఏడాదికో పూత చొప్పున ఎనభై ఏళ్లు సున్నం పడితే గచ్చు మీద గీసిన అక్షరం గుంట పూడిపోతుంది. కన్నవాళ్ల మీద పిల్లలకున్న ప్రేమే వాళ్ల పేర్లను కప్పేస్తోంది.

వచ్చిన రిక్వెస్టు

అడిగినావిడ అమెరికాలో ఉంటారు, అరవై దాటినావిడ. వాళ్లమ్మగారు ఆ మధ్యే పోయారు. పోయేముందు ఒకటే మాట పదేపదే అన్నారట: "మా నాన్న సమాధి ఎవరైనా చూశారా?" ఆ నాన్నగారు బడిపంతులు. కుటుంబానికి తెలిసినవి ఐదు సంగతులు. పేరు, ఇంటిపేరు. ఆయన పోయేటప్పటికి అమ్మగారికి ఆరేళ్లు. అమ్మగారు పుట్టింది 1926లో. సమాధి ఫలానా పట్టణంలోని సీఎస్ఐ చర్చివాళ్ల సమాధుల తోటలో ఉంది. పక్కన బాదం చెట్టు ఉండేది.

ఈ ఐదింటిలో ఏది ఎంత గట్టిదో అప్పుడే కూర్చుని తూచాల్సింది. పుట్టిన సంవత్సరం బడి సర్టిఫికెట్టులోది. ఆ రోజుల్లో పిల్లల్ని బడిలో వేసేటప్పుడు వయసు ఎలా రాసేవారో మనందరికీ తెలుసు, ఒకటి రెండేళ్లు అటూఇటూ కావడం మామూలే. "సీఎస్ఐ తోట" అన్నది అమ్మగారి మాటో, తర్వాత ఎవరో అతికించిన మాటో మేం అడగలేదు. అన్నీ ఒకే చోట రాసి ఉంటే అన్నీ ఒకే బరువుగా కనిపించాయి. మొదటి పొరపాటు అక్కడే జరిగింది.

మొదట చేసిందీ, చెడిందీ

మాలో ఇద్దరం ఒక శనివారం పొద్దున్నే సీఎస్ఐ తోటకి వెళ్లాం. గంటలో దొరికింది. పాలరాతి పలక, అదే పేరు, అదే ఇంటిపేరు, మరణం 1938. నాలుగడుగుల దూరంలో బాదం చెట్టు. మాతో వచ్చిన కుర్రాడు ఆ చెట్టును చూసి "దొరికింది సార్" అని అరిచాడు. నా గుండె కూడా అలాగే కొట్టుకుంది. 1938 అంటే అమ్మగారికి పన్నెండేళ్లు, ఆరు కాదు. "పెద్దావిడ జ్ఞాపకం, అటూఇటూ అయి ఉంటుంది" అని నేనే సర్దుకున్నాను. పలక కింది భాగం దుబ్బుగడ్డిలో మునిగి ఉంది. ఎండ ఎక్కుతోందని గడ్డి తీయకుండా పై భాగం వరకు ఫోటో తీసి పంపేశాం.

ఆవిడ ఫోన్లో ఏడ్చారు. రెండు రోజుల్లో ఆ ఫోటో వాళ్ల వంశవృక్షంలోకి ఎక్కింది, అక్కడి నుంచి ఇంకో ఇద్దరు బంధువుల వృక్షాల్లోకీ వెళ్లింది.

మూడు వారాల తర్వాత మా బృందంలో ఒకమ్మాయి ఆ తోట మొత్తం ఫోటోలు తీసే పని పెట్టుకుంది. దుబ్బు కోయించింది. పలక కింద రెండు వరసలున్నాయి: "వేయించినవారు: కుమారులు, కుమార్తెలు" అని నలుగురి పేర్లు. మనకు రిక్వెస్టు పెట్టినావిడ అమ్మగారు ఒక్కతే బిడ్డ. ఆ పక్క సమాధి ఆయన భార్యది, ఆవిడ పేరూ వేరే. మేం తీసిన ఫోటోలో ఆ పక్క సమాధి అంచు కనిపిస్తుంటే, బాగుండదని నేనే కత్తిరించాను.

మరి పేరు, ఇంటిపేరు రెండూ ఎలా కలిశాయి? మన వైపు తాత పేరు మనవడికి పెడతారు. ముగ్గురు అన్నదమ్ములుంటే ముగ్గురి పెద్దకొడుకులకీ అదే తాత పేరు రావచ్చు. ఇంటిపేరు ఎలాగూ ఒకటే. కాబట్టి ఒకే ఊళ్లో, ఒకే తరంలో పేరూ ఇంటిపేరూ కలవడం మన దగ్గర ఆశ్చర్యం కాదు, ఎదురుచూడాల్సిన సంగతి. పేరు కలిస్తే వెతుకులాట అప్పుడే మొదలైనట్టు. నేను దాన్ని ముగింపు అనుకున్నాను.

ఫోన్ చేసి చెప్పడం నా వంతు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరు చెప్పకపోతే మాకు ఎప్పటికీ తెలిసేది కాదండి, చెప్పారు కదా, మళ్లీ వెతకండి" అన్నారు. ఆ మాట నాకు కొండంత అండ.

తర్వాత రెండు నెలలు వృథాగా పోయాయి. చర్చిలో భూస్థాపన రిజిస్టరు అడిగాం. పాతవి చెదలు తినేశాయి, మిగిలినవి ఆయన కాలానికి చేరవు. ఆదివారం ఆరాధన తర్వాత ప్రకటన చేయించాం. ఐదు కుటుంబాలు మా వాళ్లే అంటూ వచ్చాయి, ఒక్కటీ నిలవలేదు. మాకున్న ఇంగ్లీషు అక్షరాల సూచికలో వెతికితే ఒక్క సమూయేలు పేరే ఆరు రకాలుగా ఉంది. ఆ సూచికను పక్కన పడేసి తెలుగులో మళ్లీ కట్టుకున్నాం. అది ఈ కేసుకు పనికిరాలేదు గానీ తర్వాత చాలా కేసులకు పనికొచ్చింది.

మలుపు

మలుపు తిప్పింది ఒక తేదీ. దక్షిణ ఇండియా సంఘం, అంటే సీఎస్ఐ, ఏర్పడింది 1947 సెప్టెంబరు 27న. అమ్మగారికి ఆరేళ్లప్పుడు పోయిన మనిషిని సీఎస్ఐ తోటలో పెట్టారని ఆ రోజుల్లో ఎవరూ అనుండరు, ఆ పేరే అప్పటికి లేదు. మరి ఆ మాట ఎక్కడిది? ఆవిడను అడిగాను. అమ్మగారు పెళ్లయ్యాక మెట్టినింటివాళ్ల చర్చికి వెళ్లారు, అది సీఎస్ఐ. పిల్లలు "అమ్మ చర్చి" అంటే అదే అనుకున్నారు. తోట పేరు పిల్లలు కలిపినదే.

అప్పుడు ఇంకో ప్రశ్న అడిగాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది: "తాతగారు ఏ బడిలో పంతులు అండి?" ఆవిడ దగ్గర ఒక పాత ఫోటో ఉంది, వెనక బడి పేరు రాసి ఉంది. లూథరన్ మిషన్ బడి. గుంటూరు, రాజమండ్రి లూథరన్ మిషన్లు కలిసి 1927లో ఏఈఎల్‌సీ, అంటే ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి, అయ్యాయి. ఆ సంఘం 1947లో సీఎస్ఐలో కలవలేదు, విడిగానే ఉండిపోయింది. మిషన్ బడి పంతులు సాధారణంగా ఆ సంఘం మనిషే అయి ఉంటాడు, పోతే వాళ్ల తోటలోనే పెడతారు. ఆ పట్టణంలో లూథరన్ తోట వేరే ఉంది, కాలవ అవతల. మేం ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు.

అక్కడ బాదం చెట్టు లేదు. గోతులు తవ్వే పెద్దాయన ఉన్నాడు, డెబ్బై దాటినాయన, వాళ్ల నాన్నా అదే పని చేశాడు. చెట్టు గురించి అడిగితే, "ఆయ్, ఉండేదండీ. తొంభయ్యారు తుపానుకి పడిపోయింది. అదిగో, ఆ గుంట" అని చూపించాడు. ఈసారి నేను ఎగిరి గంతేయలేదు. బాదం చెట్టు లేని తోట మన ఊళ్లలో ఎక్కడుంది? మొదటి తోటలో చెట్టు మమ్మల్ని ముంచింది, రెండో తోటలో చెట్టు పేరు చెప్పి తేల్చుకోకూడదు.

ఆయన చెప్పిన ఇంకో మాట మాత్రం బంగారం. "అప్పట్లో వరస తప్పదండీ. ఎవరు ముందు పోతే వాళ్లు ముందు. సొంతానికి చోటు కొనుక్కోవడం తర్వాతొచ్చిందండీ."

అంటే పాత భాగంలో సమాధులు పోయిన క్రమంలోనే ఉన్నాయి. అలాగైతే చదవగలిగిన ప్రతి సమాధీ చదవలేని పక్క సమాధికి సాక్ష్యం చెబుతుంది. ఒక్క సమాధిని వెతకడం మానేసి వరసలు తీయడం మొదలుపెట్టాం. పాత భాగంలో మూడు వందల పైచిలుకు సమాధులు. ప్రతిదానికీ మూడు ఫోటోలు: దగ్గర నుంచి అక్షరాలు, పక్క సమాధుల అంచులు కనిపించేలా ఒకటి, వరస చివర నిలబడి మొత్తం వరస. ఒక్కో వరసకు ఒక నంబరు, ఒక్కో సమాధికి ఒక నంబరు, కాగితం మీద పటం. వరస నిజంగా కాలక్రమంలో ఉందా అన్నది కూడా పెద్దాయన మాట మీద వదిలేయలేదు. చదవగలిగిన తేదీలన్నీ పటం మీద వేసి చూశాం. నాలుగు చోట్ల తప్ప అంతటా సరిపోయింది. ఆ నాలుగూ భార్యాభర్తల జంట సమాధులు.

ఆరో వరసలో, 1931 డిసెంబరు సమాధికీ 1932 నవంబరు సమాధికీ మధ్య, సున్నంతో ముద్దగా మారిన ఇటుక సమాధులు ఐదు. అమ్మగారు చెప్పిన "ఆరేళ్లు" సరిగ్గా ఇక్కడ పడుతుంది.

చదవడం

ఐదింటిలో మూడో దాని మీద "పంతులు" అన్న మాట చేత్తో తడిమితే తెలిసింది. కంటికి కనపడలేదు.

సున్నం గోకేద్దామని మా కుర్రాడు అన్నాడు. రిక్వెస్టు పెట్టినావిడ కూడా "మా తాతగారే అయితే గోకండి, పర్లేదు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. కారణం ఇది. గచ్చు మీది గీతల లోతు రెండు మూడు మిల్లీమీటర్లు. తొంభై ఏళ్ల గచ్చు లోపల పొడి అయిపోయి ఉంటుంది. పైన ఉన్న సున్నం పొరలే దాన్ని పట్టుకుని ఉండొచ్చు. పొర ఊడితే అక్షరం కూడా దానితో ఊడొస్తుంది, మళ్లీ ఇంకో అవకాశం ఉండదు. పైగా అది ఆయనదో కాదో ఇంకా తేలలేదు. వేరే కుటుంబం సమాధిని గోకే హక్కు మాకెక్కడిది? వైరు బ్రష్షు, యాసిడ్డు, చాక్‌పీసు, పిండి రుద్దడం ఏదీ వద్దన్నాం. వెలుతురుతోనే చదవాలి.

సమాధుల మీది రాత తూర్పుకి తిరిగి ఉంటుంది. మేం ఎప్పుడూ చల్లగా ఉంటుందని పొద్దున్నే వెళ్లేవాళ్లం. పొద్దుటి ఎండ నేరుగా రాత ముఖం మీద పడుతుంది, నీడ ఉండదు, అక్షరం కనపడదు. అన్నాళ్లూ తప్పు వేళకి వెళ్లామన్నమాట. పదకొండు దాటాక ఎండ పై నుంచి గోడను రాసుకుంటూ జారుతుంది, అప్పుడు అడ్డగీతలు లేస్తాయి. నిలువు గీతల కోసం ఇంట్లో బీరువా అద్దం ఊడదీసి తీసుకెళ్లి, పక్క నుంచి ఎండను మళ్లించాం. అన్నిటికన్నా బాగా పనిచేసింది రాత్రి. చర్చి పెద్దల అనుమతి తీసుకుని, కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, టార్చిలైటును మాత్రం గోడకు ఆనించినట్టు పట్టుకుని చుట్టూ తిప్పుతూ పన్నెండు వైపుల నుంచి పన్నెండు ఫోటోలు తీశాం. ఏడో ఫోటోలో కొమ్ములూ దీర్ఘాలూ లేచి నిలబడ్డాయి. ఆ స్క్రీన్ మీద ఒక్కొక్క అక్షరం తేలుతుంటే మాలో ఎవరూ మాట్లాడలేదు.

పేరులో చివరి మూడు అక్షరాలు సరిపోయాయి. కింద "వేయించినవారు: భార్య, కుమార్తె". కుమార్తెలు కాదు, ఒక్క కుమార్తె. చివర "లు" ఉందేమోనని అన్ని ఫోటోల్లోనూ చూశాం, లేదు.

తేదీ దగ్గర మళ్లీ పడబోయాం. అన్నిటికన్నా స్పష్టంగా కనిపించిన అంకెలు అట్టడుగున ఉన్న ౪-౭. మా కుర్రాడు జులై 4 అని రాసేసుకున్నాడు. సంవత్సరం లేని మరణ తేదీ ఏమిటని పక్క సమాధులు చూశాం. అదే చేతి గీత ఉన్న నాలుగింటి మీద చివరి వరస బైబిలు వచనం సంఖ్యే. ఇక్కడ కూడా ౪-౭ ముందు "తి" అన్న అక్షరం ఉంది. రెండవ తిమోతి పత్రిక నాలుగో అధ్యాయం, ఏడో వచనం. మంచి పోరాటం పోరాడానని చెప్పే ఆ వచనాన్ని మన సమాధుల మీద ఎన్నోసార్లు చూశాం.

అసలు తేదీ పైన ఉంది, తెలుగు అంకెల్లో. నెల ౮ తేటగా ఉంది. రోజు ౧౪ లాగే ఉంది, అయితే మొదటి అంకె ౨ కావచ్చన్న అనుమానం మిగిలింది. సంవత్సరంలో ౧౯ తర్వాత రెండంకెలూ ౨, ౩లలో ఏదో ఒకటి. సున్నం పూడితే ఆ రెండింటికీ తేడా చెప్పడం చాలా కష్టం. అంటే 1922, 1923, 1932, 1933. ఆగస్టు 14 లేదా 24. మొత్తం ఎనిమిది తేదీలు.

తేదీ పక్కన వారం పేరు ఉంది. చివర "వారము", ముందు రెండక్షరాలు. రెండో అక్షరం మీద గుడి స్పష్టంగా కనిపిస్తోంది. ఏడు వారాల్లో రెండో అక్షరానికి గుడి ఉన్నవి ఆదివారం, శనివారం మాత్రమే. క్యాలెండరు తీశాం. ఆగస్టు 14, 1922లో సోమవారం, 1923లో మంగళవారం, 1932లో ఆదివారం, 1933లో సోమవారం. ఆగస్టు 24 అయితే వరసగా గురువారం, శుక్రవారం, బుధవారం, గురువారం. ఎనిమిదింటిలో శనివారం ఒక్కటీ లేదు, ఆదివారం ఒక్కటే ఉంది.

1932 ఆగస్టు 14. వరసలో రెండు పక్కల సమాధులు చెప్పిందీ అదే, కూతురి జ్ఞాపకం చెప్పిందీ అదే. ఆరేళ్ల పిల్ల గుర్తుపెట్టుకున్న మాటను నేను ఆరు నెలల ముందు అటూఇటూ అని కొట్టిపారేశాను.

ఈసారి పంపింది ఒక్క ఫోటో కాదు. వరస పటం, పక్క సమాధులు, పన్నెండు రాత్రి ఫోటోలు, క్యాలెండరు లెక్క, ఏ అక్షరం చదవగలిగామో ఏది ఊహో వేరువేరు రంగుల్లో రాసిన కాగితం, అన్నీ పంపాం. "మీరే చూసి ఒప్పుకుంటేనే ఒప్పుకోండి" అని రాశాను. ఆవిడ నాలుగు రోజులు తీసుకున్నారు.

అందరికీ కనిపించేలా పెట్టాలా

ఆవిడకు ఆ ఫోటో అందరికీ కనిపించేలా పెట్టాలని కోరిక. ఇక్కడే ఉంటున్న ఆ కుటుంబంలో ఒకాయన మా ఇంటికొచ్చి, "అన్నయ్యా, అది మాత్రం పెట్టకండి" అన్నాడు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. మామూలుగా మన దగ్గర ఈ భయం ఎందుకుంటుందో మాత్రం తెలుసు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం హోదా మతంతో ముడిపడి ఉంది. 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ ఆ హోదా ఇచ్చారు, క్రైస్తవులకు ఇవ్వలేదు. దళిత క్రైస్తవులు ఇక్కడ బీసీ-సీ కిందికి వస్తారు. ఒకే కుటుంబంలో ఒక శాఖ చర్చికి, ఇంకో శాఖ గుడికి వెళ్లేవి ఎన్నో ఉన్నాయి. తొంభై ఏళ్ల నాటి సమాధి ఫోటో ఒకటి ఇంటిపేరుతో, ఊరిపేరుతో తిరిగితే, ఎవరి పిల్లల కుల సర్టిఫికెట్టుకు ఎవరు అడ్డుపడతారోనన్న భయాన్ని కొట్టిపారేయలేం.

పోయినాయన గురించి అడిగే హక్కు మనవరాలికి ఉంది. ఆ ఊళ్లోనే బతకాల్సిన మనిషి భయానికి అంతకన్నా ఎక్కువ బరువుందని నాకనిపించింది. ఫైలు మొత్తం ఆవిడకిచ్చాం, పబ్లిక్ సూచికలో వరస నంబరు మాత్రం ఉంచాం, పేరు పెట్టలేదు. ఆవిడ మొదట నొచ్చుకున్నారు, తర్వాత ఆయనతో మాట్లాడి సరేనన్నారు. అప్పటి నుంచి రిక్వెస్టు ఫారంలో ఒక ప్రశ్న చేర్చాం: ఊళ్లో మీవాళ్లు ఎవరున్నారు, వాళ్లకు చెప్పారా? "వేయించినవారు" వరసలో బతికున్నవాళ్ల పేర్లుంటే పబ్లిక్ ఫోటోలో ఆ వరస కప్పేస్తున్నాం.

ఇప్పుడు పని ఎలా మారిందంటే

గడ్డి తీయకుండా ఫోటో తీయం. అటూఇటూ ఉన్న సమాధులు లేకుండా ఏ ఫోటో పంపం, ఫోటో అందం కోసం అంచు కత్తిరించం. పేరూ ఇంటిపేరూ కలిస్తే "ఒకటి కలిసింది" అని రాసుకుంటాం. వాటితో సంబంధం లేని ఇంకో రెండు ఆధారాలు దొరికేదాకా "మీ వాళ్లే" అన్న మాట మా నోట రాదు. కుటుంబం చెప్పిన ప్రతి సంగతి పక్కన, ఆ మాట ఎవరిది, ఎప్పుడు అన్నారు అని రాస్తాం. చర్చి పేరు చెబితే, ఆయన పోయిన ఏడాదికి ఆ చర్చి ఏ పేరుతో ఉందో ముందు చూస్తాం.

తప్పుగా వెళ్లిన 1938 ఫోటో మూడు వంశవృక్షాల్లో ఉండేది. ఆవిడ తనది తీసేశారు. ఒక బంధువుకు రాస్తే ఆయనా తీశారు. మూడోది ఇంకా అలాగే ఉంది, రెండు ఉత్తరాలకు జవాబు లేదు. మూడో ఉత్తరం రాసి పెట్టాను. ఆ పాలరాతి పలక కింద ఉన్నాయనకూ నలుగురు బిడ్డలున్నారు. వాళ్ల మనవలు ఎవరైనా అడిగితే ఇవ్వడానికి ఆయన ఫైలు విడిగా తయారుచేసి పెట్టాం, ఈసారి గడ్డి కోసి, కింది రెండు వరసలతో సహా.

పోయిన ఈస్టరుకు లూథరన్ తోటలో పెద్దాయన సున్నం బకెట్టుతో ఆరో వరస దాకా వచ్చి, మూడో సమాధి ముందు ఆగి నన్ను అడిగాడు: "దీనికెయ్యమంటారా, వద్దంటారా?" ఆవిడకు ఫోన్ కలిపి ఇచ్చాను. రాత ఉన్న జానెడు మేర వదిలేసి మిగతా అంతా వేయమన్నారు. ఆయన అరటాకు ముక్క ఒకటి తడిపి రాత మీద అంటించి, చుట్టూ వేశాడు.